దస్తూరి

వేకువన బెజవాడ కబేళా దగ్గర
మస్తాన్‌బీ కొడుకు జానీ
నా ఫ్లాస్కులో వేశాడు నాలుగు గేదె అండాశయాలు,
వెచ్చటి ఉప్పునీళ్ళలో.
వారధి మీద కండక్టరు,
"టీయేనా మేడం, ఓ గుక్క పోయరాదూ?"
నవ్వేసి, ఫ్లాస్కు ఒడిలోకి లాక్కున్నాను.

గుంటూరు ల్యాబులో ఒక్కో పుటికనీ సూదితో తోడాను.
గాజుగిన్నె అడుగున కణాలు,
చద్దికుండలో మెతుకుల్లా
ఒకదాన్నొకటి కరుచుకుని.

మూడోరోజు.
ఇంకా పైనుంచి కబురుకే చూస్తున్నాయి.
మెదడు కింద ఉసిరికాయంత గ్రంథి
నెత్తుట్లో పంపే చీటీ:
పండు, పగులు, లేదా ఊరుకో.
రాసే చెయ్యి లేదు.
తల మొన్ననే వేరే బుట్టలో పడింది.

పిపెట్‌తో ఒక చుక్క వదిలాను,
అచ్చం ఆ గ్రంథి దస్తూరిలోనే.

మర్నాటికి మీటరు మీద ఈస్ట్రోజన్.
నమ్మేశాయి. జవాబు రాశాయి.
ఎదకొచ్చిన గేదె అరుపంతా
ఆ గిన్నెలో ఉంది,
అరవడానికి గొంతే లేదు.

రికార్డులో అంకె వేశాను.
పక్కన 'పశువు పేరు' అని ఒక గడి.
ఎప్పుడూ గీత కొట్టేదాన్ని.
ఈసారి జానీని అడగాలి.