తలనొప్పి

బర్‌బ్యాంక్‌లో ఆ సెప్టెంబరు ఎండకి
పార్కింగ్ తారు చెప్పులకి అంటుకునేది.
నేలమాళిగలో నా గది మాత్రం చలి.
టేపులు చెమర్చకూడదు, మనుషులు వణికినా పర్వాలేదు.

పై అంతస్తు నుంచి కాగితం దిగింది,
హాలోవెల్ గుండ్రటి చేతిరాత:
"ఇరవై మూడో పేజీ. పిల్ల ఆ మాట అనరాదు.
గురువారం ఎనిమిదింటికి కుటుంబాలు భోంచేస్తుంటాయి.
తుపాకీ సీను బాగుంది. ఉంచండి."

పద్దెనిమిదేళ్లుగా ఇదే నా బతుకు,
ఒకరి నోట్లో ఇంకొకరి మాట కూరడం.
రాత్రంతా ఆ పెదవుల్ని
ముందుకీ వెనక్కీ నడిపించాను.
తెల్లారగట్ల దొరికింది.

నెల తప్పిందే.
తల నొప్పిలే.

పెదవులు రెండూ ఒక్కచోటే మూతపడతాయి!
గర్వపడ్డాను, ఎందుకు దాచడం,
కాఫీ యంత్రం దగ్గర అందరికీ చెప్పుకున్నాను.

కొరిన్ వచ్చింది. పదిహేనేళ్లు.
పళ్లకి కట్టిన తీగని నాలుకతో తడుముకుంటూ
మైకు ముందు తొమ్మిదిసార్లు తల నొప్పి తెచ్చుకుంది.
పదోసారికి ముందు అడిగింది:
"వెర్నా, మరి ఈ పిల్ల ఎందుకు ఏడుస్తోంది?"
ఎండదెబ్బ అనుకో, అన్నాను.
అద్దం అవతల వాళ్లమ్మ గడియారం చూసుకుంటోంది.

ప్రసారమైంది. ఒక్క ఫోనూ రాలేదు.
సబ్బు కంపెనీ పూలు పంపింది.
పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు.
నేను పెదవి దగ్గరే పట్టుకున్నాను.

క్రిస్మస్ ముందు వారం ఒక ఉత్తరం
నాలుగు విభాగాల ముద్రలు మోసుకుంటూ,
శబ్దం సంగతి కదా అని ఎవరో తోసేస్తే
నా బల్ల మీదకొచ్చి పడింది.
నెబ్రాస్కా పోస్టు. పెన్సిల్ రాత.

"నాకు వినపడదు.
తెర కింద అక్షరాలు చదువుతాను, తర్వాత మనుషుల్ని.
అక్షరాలు తలనొప్పి అన్నాయి.
పెదవులూ అదే అన్నాయి, దాదాపు.
కానీ ఆమె చెయ్యి తల మీద లేదు.
స్వెట్టర్ కింద, బొడ్డు మీద ఉంది.

పై వారం ఎవరికో చెబుతుందని కూర్చున్నాను.
పై వారం అందరూ పడవ పందేలకి వెళ్లారు.

నాకూ పదకొండు రోజులుగా తలనొప్పి.
మా ఇంట్లో సైగలు నాకొక్కదానికే వచ్చు.
ఆమె ఎవరికి చెప్పింది?"

సంతకం లేదు. ఇంటి నంబరు లేదు.
పైన హాలోవెల్ చీటీ గుచ్చి ఉంది:
"చెయ్యి మనం చూసుకోలేదు.
మళ్లీ వేసేటప్పుడు మొహం వరకే కత్తిరించగలరా?"

టేపు పెట్టాను. మొదటిసారి
శబ్దం పూర్తిగా తగ్గించి చూశాను.
చెయ్యి అక్కడే ఉంది.
ఇన్ని రాత్రులు నేను మూతి దాటి కిందికి చూడలేదు.

ఉత్తరం మీద తారీఖు చూశాను.
వేళ్ల మీద లెక్కపెట్టాను, మళ్లీ పెట్టాను.
ఆ పదకొండూ,
దారిలో నలభై మూడూ.