పద్దెనిమిదో పొద్దు

చిత్తూరు లోకల్ కేబుల్లో
నేను బెల్లం ధరలు చదివేవాణ్ణి.
ధనభాగ్యం కెమెరా వెనక నిలబడి
వేళ్ళు ముడుస్తా లెక్క చెప్పేది:
మూడు, రెండు, ఒకటి.
బంగారం రేటు తరవాత, కరెంటు కోతల ముందర
తప్పిపోయిన మేక ప్రకటన ఒకటి.
ఆ కెమెరా కోసం అమ్మేసిన కమ్మల బెజ్జాల్లో
ఏడాది పొడుగునా వేపపుల్లలే.

వాళ్ళ నాయన భారతం మిట్టలో
దుర్యోధనుణ్ణి పడుకోబెట్టేవాడు.
ముప్పై అడుగుల మట్టి మనిషి,
సున్నం కళ్ళు, కొబ్బరిపీచు మీసం,
తొడ లోపల రంగునీళ్ళ కుండ.
పదిహేడు మధ్యాహ్నాలు హరికథ దాసు
సరిగ్గా చీర కొంగు మీద చెయ్యి పడే చోట
తాళం ఆపి "శేషం రేపు" అనేవాడు.
తుండుగుడ్డ దులుపుకుని ఇంటికి పోతా పోతా
జనం వాదులాడుకునేవాళ్ళు,
తాతల నాటి నుంచీ తెలిసిన కథకి.
"తెలిసిందాన్నే రేపటిదాకా దాచిపెట్టాల గదరా,
అదే యాపారం" అనింది ఆమె,
పదో క్లాసు తప్పిన ఏడు.

ఆ మీదట హైదరాబాదు.
అద్దె చీరల్ని గుండుసూదులతో సహా లెక్కపెట్టి
తిరిగిచ్చే ఉద్యోగం నుంచి మొదలు.
సొంతంగా తీసిన మొదటి సీరియల్ పేర్లలో
"ధనబాగ్యం" అని పడితే
ఒత్తు కోసం కొట్లాడలేదు,
రావాల్సిన చెక్కు కోసం కొట్లాడింది.

గ్రీమ్స్‌పేటలో వాన సీను సంగతి
ఇప్పటికీ టీ అంగట్లో చెప్పుకుంటారు.
ట్యాంకరు నిలబెట్టి, గొట్టం పైకెత్తి,
హీరోయిన్ ఏడవబోతా ఉంటే
సందు సందు నుంచీ బిందెలొచ్చినాయి.
కుళాయి వచ్చి తొమ్మిది రోజులంట.
మేనేజరు అరిచినాడు.
ఆమె గొట్టం కిందికి దించమనింది.
ఆఖరి బిందె నిండినాక
డైలాగు కాగితం తెప్పించుకుని
"ఎంత వాన!" కొట్టేసి
"మబ్బు పట్టింది" అని రాసింది.
ఆ వారం రేటింగు పెరిగింది.
ఎందుకో ఆమెక్కూడా తెలీదు.

ఇంక అంతా మీరు చూసిందే,
వెయ్యిన్నూట పన్నెండు భాగాలు,
పాలల్లో విషం కలిపే ఇంద్రాక్షి.
ఇంద్రాక్షిని మూడుసార్లు చంపించింది ఈమె,
మూడుసార్లూ బతికించినారు ఛానల్ వాళ్ళు.
లోయలో తోస్తే
పైట కొమ్మకి తగులుకునిందంట.
నాయన పోయిన పొద్దు నాలుగు సీన్లు ఉండినాయి.
రెండు తీసేసి బయల్దేరింది.
ఆ రెండూ నవ్వే సీన్లు.

ఈ ఏడు వధ నాటికి వచ్చింది.
కారు రోడ్డు కాడే నిలిపేసి
చెప్పులు చేత్తో పట్టుకుని
ఆడోళ్ళ మధ్య నిలబడింది.
నేను పలకరించలేదు, చూస్తా ఉండినా.
భీముడేషం గద ఎత్తినాడు,
కుండ పగిలింది,
ద్రౌపదేషం కట్టిన మొగోడు ఆ ఎరుపు తలకి పూసుకుని
నిజంగానే ఏడ్చినాడు.
చీపుర్లు లేచినాయి.
అంతలో ఆమె ఫోను మోగింది.
"ఇప్పుడే చచ్చినాడు, తరవాత చెయ్యండి"
అని పెట్టేసింది.

జనం మట్టి పెళ్ళలు ఒళ్ళో కట్టుకుని పోయినాక
విరిగిన కాలి దగ్గర కూచుని
బొటనవేలు తడిమి చూసింది.
"గోరు సరిగ్గా తియ్యలేదు వీళ్ళు.
మా నాయనయితే..."
అక్కడే ఆపేసింది.
నేను ఎదురు చూసినా. చెప్పలేదు.

చాలాసేపటికి నా వైపు తిరిగి
"బెల్లం ఎంత పలుకుతా ఉండాదిరా?" అనింది.
మండీకి పోయి ఆరేళ్ళయింది నేను.
అయినా గొంతు సవరించుకున్నా,
చొక్కా కాలరు సర్దుకున్నా,
కెమెరా ఉండాల్సిన చోటికేసి చూసినా.
మట్టి అంటిన వేళ్ళు గాల్లోకి లేచినాయి,
మూడు,
రెండు.
ఫోను మళ్ళా మోగింది.