భీమిలి దిక్కు

ఎండుచేపల సంఘానికి ఎన్నికలు.
పోయినసారి పెట్టె
రాత్రంతా ఐసు గోడౌన్‌లో పడుకుంది,
పొద్దున్నకి లావెక్కింది.

ఈసారి పెట్టే లేదన్నాను.
లెక్క ఐదు ఫోన్లలో ఉంటుంది,
ఒకదాంట్లో దిద్దితే నాలుగు గోల పెడతాయి.
తాళంచెవిని ఐదు ముక్కలు చేశాను,
ఏ ముగ్గురు కలిసినా తెరుచుకుంటుంది,
ఇద్దరైతే ఎంత బతిమాలినా తెరుచుకోదు.
కోటవీధి అద్దెగదిలో, ఫ్యాను చప్పుడు కింద
మూడు నెలల గణితం.

జెట్టీ పక్కన కవ్వళ్లు ఆరబోస్తూ
గనగళ్ల పోలమ్మ అంతా విన్నది.
"నా ఓటు పడిందో లేదో నాకు తెలుస్తాదా?"
రసీదు వస్తుందన్నాను, కాస్త గర్వంగా.
"అయితే బోటు ఓనరుకీ తెలుస్తాది.
సూపించవే అంటే ఏటి సూపించీది?"

చేపలు తిరగేసింది.
నేను లైట్‌హౌస్ వైపు చూశాను.

"మావోడు కోనాం పడ్డ సోటు ఎవులికీ సెప్పడు.
అడిగితే సెప్పననడు.
భీమిలి దిక్కు సెయ్యి సూపిస్తాడు."

ఆ రాత్రి రసీదు చెరిపేశాను.
మనిషికి రెండు రహస్య సంఖ్యలు:
ఒకటి ఓటుకి,
ఒకటి ఓనరుకి.
రెండూ ఒకేలా తెరుచుకుంటాయి,
ఒకేలా 'నమోదైంది' అంటాయి.
లెక్కలోకి వెళ్లేది ఒక్కటే.

ఏది ఏదో బయటివాడు పసిగట్టలేడని
ఇంకా నిరూపించాలి. సగం పేజీ ఖాళీ.
తెల్లారకముందే హార్బర్లో ఇంజన్లు,
ఒక్కో బోటూ
ఏదో ఒక దిక్కు పైకి చెప్పి
కదులుతోంది.