మీ ప్రాంతంలో లభ్యం కాదు

ఈ వీధిలో నా నిచ్చెన ఎరగని గోడ లేదు.
ఇరవై రెండేళ్ళు కేబుల్ లాగేను పర్లాకిమిడిలో
డాబా నుంచి డాబాకి, కొబ్బరిచెట్టు నుంచి కరెంటు స్తంభానికి.
నన్ను చూసి కాకులు కూడా లేచేవి కావు.

తర్వాత ఆ తీగలన్నీ నేనే ఊడబీకి
పాతసామాన్ల కొట్లో కిలోల్లెక్కన అమ్మేసి
అందరిలాగే ఓ అమెరికా కంపెనీకి డబ్బు కట్టేను.
ఒక పాస్‌వర్డు, నాలుగు గడపలు:
మాది, సౌదామిని పాణిగ్రాహి గారిది,
కొమ్ముతో కొంగలు చెక్కే నూకరత్నానిది,
మెట్లకింద గదిలో కాలేజీ చదివే సవర కుర్రాళ్ళిద్దరిది.

ఓ రాత్రి తెరమీద అడిగేడు వాడు:
వీళ్ళంతా మీ ఇంటివాళ్ళేనా?
ఏం చెప్పను.
మా వంటగదిలో ఉన్న పులుసుగిన్నె ఎవరిదో
మేం మరిచిపోయి ఏడాది దాటింది.
అవునని నొక్కేను.
వాడు నమ్మలేదు.

రోషం వచ్చింది.
నిచ్చెన లేకుండా, మంచం మీద పడుకుని,
యూరప్ అంతా వెతికేను.
అక్కడా ఉన్నాయట కొట్లు, చిన్నచిన్నవి,
సందు చివర కిళ్ళీబడ్డీల్లాంటివి.
మొదటివాడు అన్నాడు: మీ ప్రాంతంలో లభ్యం కాదు.
రెండోవాడు అదే మాట ఇంకాస్త మర్యాదగా అన్నాడు.

ఈ మాట నాకు కొత్తేమీ కాదు.
మా తాతల నాడు, ముప్పయ్యారులో, గీత గీసినప్పట్నుంచీ
వింటూనే ఉన్నాం.
పాతపట్నంలో మా పెద్దక్కకి వచ్చే పింఛను
ఇక్కడ మా చిన్నక్కకి లభ్యం కాదు.
మా పాపకి తెలుగు మాస్టారు
అయిదో తరగతి తర్వాత లభ్యం కాలేదు.
వేసంగిలో మహేంద్రతనయ మాత్రం
గట్టుకి ఇటూ అటూ ఎవరికీ లభ్యం కాదు.

మూడోవాడు కార్డు తీసుకున్నాడు.
యూరోలు. రూపాయల్లో ఎంతో ఇంట్లో చెప్పలేదు.

డాబా మీద దుప్పటి కట్టి
మొదటి సినిమా వేసేను.
ఎక్కడో ఉత్తరాన ఒక దీవి.
గొర్రెలు. గాలి. ఒక ముసలామె వల బాగుచేస్తోంది.
అరగంటైనా వల బాగుచేస్తూనే ఉంది.
“ఏటిది బాబూ, ఎవుడూ రాడా?” అన్నాది నూకరత్నం.
మళ్ళీ తనే, కొంచెం ముందుకి జరిగి,
“సేతులు సూడు. నిజంగా పని సేసిన సేతులే” అన్నాది.

కింద అక్షరాలు ఇంగ్లీషులో పడుతున్నాయి.
చదివి నేను తెలుగులో చెప్తున్నాను.
సౌదామిని గారు దాన్ని ఒడియా చేసి
వినపడని తన అత్తగారి చెవిలో వేస్తున్నారు.
వెనక సవర కుర్రాళ్ళు గుసగుసగా
ఇంకేదో చేసుకుంటున్నారు దాన్ని.
ఒక్కో మాట ఇంతమంది నోళ్ళు దాటి వచ్చేసరికి
తెరమీద ముసలామె నవ్వుతోంది;
మేమింకా ఆవిడ ఏడ్చిన చోటే ఉన్నాం.

చివర్న నల్లటి తెరమీద రెండు ముక్కలు పడ్డాయి:
ఆ దీవి భాష మాట్లాడేవాళ్ళు
ఇంకా తొమ్మిదొందల మంది ఉన్నారని.
కుర్రాళ్ళలో చిన్నవాడు, గోమాంగో,
“తొమ్మిదొందల మంది కోసం ఇంత సినిమానా?” అన్నాడు.
ఆశ్చర్యపడ్డాడో, అసూయపడ్డాడో
చీకట్లో తెలీలేదు.

తర్వాతది దానంతటది మొదలవలేదు.
అమెరికావాడైతే అయిదంకెలు లెక్కపెట్టి
తోసేసేవాడు ఇంకో కథలోకి.
ఇక్కడ ఉత్త దుప్పటి, దాని మీద ఒక దోమ.
ఎవరూ లేవలేదు.

కాసేపటికి అత్తగారు అడిగిందట,
సౌదామిని గారు నాకు తెలుగులో అందించేరు:
ఇంతకీ ఆవిడ ఎదురుచూసిన పడవ వచ్చిందా?

ఆ లైను పడ్డప్పుడు నేను
టీ గ్లాసులు అందిస్తున్నాను. చదవలేదు.

వచ్చిందని చెప్పేను.