దయచేయండి

నలభై ఒక్క సినిమాల్లో
హొరేస్ టిడ్బరీ తలుపు తీశాడు.
ఒక్కదాంట్లోనూ ఆ తలుపు దాటొచ్చి
కుర్చీలో కూర్చోలేదు.

స్టూడియో కుట్టుగదిలో
అతని రెండు తోకల నల్లకోటు నా వంతు.
జేబులు మూసి కుట్టేవాళ్ళం.
బట్లర్‌కి దాచుకునేదేముంటుంది,
చెయ్యి దూరిస్తే నిలువు చెడుతుందని పైవాళ్ళ మాట.
తెల్ల చేతిజోళ్ళు మాత్రం వారానికి ఆరు జతలు.
బొటనవేలి దగ్గరే మాసేవి,
పళ్ళెం అంచు ఒరుసుకునే చోట.

సినిమాకింకా నోరు రాని రోజులు.
అతనికని అట్ట మీద రాసి చూపే మాట ఒకటే:
దయచేయండి.
వచ్చినవాళ్ళకీ అదే,
ఇక వెళ్ళమనాల్సినవాళ్ళకీ అదే.
తేడా అంతా ఎడమ కనుబొమలో.
నూలుపోగంత లేచేది.
హాలు హాలంతా పగలబడేది.

నిజం బట్లర్‌ని అతను పుట్టి ఎరగడు.
ఇంగ్లండులో గ్రిమ్స్‌బీ రేవు, చేపల దుకాణం,
ఏడుగురిలో అయిదోవాడు.
వెండి కూజా అంత పొందిగ్గా ఎలా పడతావని అడిగితే
"మా నాన్న పీతని పట్టే పట్టు ఇది" అన్నాడు.
"కరవనివ్వకూడదు. అలాగని అవమానించకూడదు."

తర్వాత బొమ్మకి మాటొచ్చింది.
మైకు ముందు అందరి గొంతులూ తూచారు.
హొరేస్ "దయచేయండి" అన్నాడు.
చేపల వేలంపాట వినిపించింది.
మళ్ళీ అనమన్నారు. మళ్ళీ రేవే,
ఈసారి గాలితో సహా.
సౌండు కుర్రాడు చెవిగొట్టాలు తీసేసి
కిటికీలోంచి బయటికి చూశాడు.
సరే, కనుబొమ చాలన్నారు.

లోకమంతా మాట్లాడ్డం మొదలెట్టిన ఏడు
ఉన్న ఒక్క మాటా పోయింది అతనికి.

ఆ సాయంత్రం కుట్టుగది గుమ్మంలో
గుంజ పాతినట్టు నిలబడ్డాడు.
లోపలికి రమ్మంటే గానీ రాడు, అలవాటు.
"రోసాల్బా, ఒక్క జేబు విప్పుతావా?"
ఏం పెట్టుకుంటావని అడగలేదు.
ఎడమది విప్పాను, పదకొండు కుట్లు.

మార్చిలో ఆ సినిమా వచ్చింది.
బ్రాడ్వే వీధిలో పావు డాలరు పోసి చూశాను.
నాయిక మెట్ల మీద కూలబడి ఏడుస్తోంది,
వెలుగంతా ఆమె కన్నీటి మీదే.
వెనక, మసకలో, గుమ్మం పక్కన
బట్లర్ ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని
ఒక కాలి మీద బరువు వాల్చి
పడవ ఎప్పుడొస్తుందా అని చూసేవాడిలా ఉన్నాడు.

గట్టిగా నవ్వేశాను.
ముందు వరసలో టోపీ ఆవిడ వెనక్కి తిరిగి
ఏడుపు సీనమ్మా, అంది.