మూసుకున్న కొండ

పదిన్నరైనా పూలు లేవలేదు.
కొండంతా పిడికిళ్లు.
ఒక్కో కాడ మీద ఒక్కో నారింజరంగు పిడికిలి,
బదులడగబోతే చెయ్యి ముడుచుకున్న షావుకారులా.

గేటు దగ్గర కుర్రాడు తలకు నలభై రాండ్లన్నాడు.
ఫ్రాన్సీనా పెద్దమ్మ రుమాలు ముడి విప్పి
చిల్లర లెక్కపెట్టింది, రెండుసార్లు.
వాళ్ల నాన్న మేకలు కాసిన కొండ ఇది.
ఆ మాట కుర్రాడికి చెప్పలేదు.
టికెట్టు మాత్రం మడిచి రవికెలో దాచుకుంది.

డెబ్బై రెండేళ్లు. ఎడమ మోకాలికి కట్టు.
అయినా మాకంటే పదడుగులు ముందే.
"సూర్యుణ్ణి వీపున మోసుకుని నడవండి.
పూలు వాడి మొహమే చూస్తాయి.
వాడికి ఎదురెళ్లారా, మీకు దక్కేది వాటి వీపులే."

ఇవాళ మోయడానికి సూర్యుడే లేడు.
ఉత్తరాన, వాడు ఉండాల్సిన చోట,
ఉతకని ఉన్నిలాంటి మబ్బు.

డిర్క్ ఐదుగంటలు బండి నడిపి వచ్చాడు
కేప్‌టౌన్ నుంచి, కొత్త పెళ్లాంతో.
దారి పొడుగునా చెప్పాడట,
ఆగస్టులో మా కొండ అంటుకుంటుందని.
ఇప్పుడు జేబుల్లో చేతులు పెట్టుకుని
పూలన్నీ తానే చేసి తానే చెడగొట్టినట్టు నిలబడ్డాడు.
మారెల్డా మాత్రం గొంతుక్కూర్చుని
పలుగురాళ్ల మధ్య గోరంత మొక్కను చూస్తోంది.
రాయో మొక్కో తేలక వేలితో నొక్కింది.
మెత్తగా ఉన్నట్టుంది,
చెయ్యి చటుక్కున తీసేసి నవ్వింది.

బాటకు అడ్డంగా ఓ తాబేలు.
మూతి పక్కన పసుపు రేకు అంటుకుని ఉంది,
బంతిలోంచి లేచి మూతి తుడుచుకోవడం మరిచిన పెద్దమనిషిలా.
"విచ్చినా ముడిచినా దీనికి ఒకటే," అన్నాను.
ఎవరూ నవ్వలేదు. చలి.

దిగాం.

బిటర్‌ఫ్లెయ్‌కి ఒకటే వీధి.
చర్చి, ఉన్ని గోదాం, పెట్రోలు బంకు.
బంకు పక్కన ఒకప్పటి టైర్ల కొట్టులో డొరొథియా హోటలు.
ఆరువారాలు పూలు, ఆరువారాలు గిరాకీ.
మిగతా ఏడాదంతా బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది.
కుట్టుమిషను ఇంకా మూలనే ఉంది,
దాని మీద రొట్టెల బుట్ట.

"ఏముంది?" అంటే
"పూలే," అంది.

తెల్లారుజామున ఆమె అన్నకొడుకు
నడుం లోతు చెరువులో దిగి కోసిన మొగ్గలట.
గొర్రె పక్కటెముకలతో మూడుగంటలు ఉడికించి
పులుపుకి పులిచింతాకు వేసింది.
"ముడుచుకున్నవే కావాలి నాకు.
విచ్చుకుని ముదిరితే పీచు."
డిర్క్ తలెత్తి ఆమెకేసి చూశాడు, ఆ పొద్దుటి నుంచి
ఎవరో మొదటిసారి తన తరఫున మాట్లాడినట్టు.

మొదటి ముద్ద నోట్లో ఉండగానే
మేజాబల్ల మీది మైనపుగుడ్డ మెరిసింది.
ఎండ.
డిర్క్ కుర్చీ వెనక్కి జరిగింది.

"కూర్చో," గరిటె ఊపింది డొరొథియా.
"పూలు నాలుగింటిదాకా ఆగుతాయి. కూర ఆగదు."

వాడు కూర్చున్నాడు, కిటికీకేసి చూస్తూ తిన్నాడు.
మారెల్డా పళ్లేన్ని రొట్టెముక్కతో తుడిచి మళ్లీ వడ్డించమంది.
పెద్దమ్మ మోకాలి కట్టు విప్పుకుని
ఎముకలోని మూలుగు చప్పరిస్తోంది
కొండ ఎక్కడికీ పోదన్న నిదానంతో.
ఆమె నాన్న కూడా మధ్యాహ్నాలు ఇలాగే తినేవాడేమో.
అడగాలనుకున్నాను. నోటినిండా కూర.

బయటికొస్తే బంకు గచ్చు పగులులో
ఒక్క పువ్వు, పూర్తిగా తెరుచుకుని,
మాకు వీపు పెట్టి.

"చూశావా, చూశావా!" డిర్క్ కేక.
మారెల్డా దాని చుట్టూ తిరిగి
ఎదురుగా, నడివీధిలో, చతికిలబడింది.
గొర్రెల లారీ ఒకటి వచ్చి ఆగింది.
డ్రైవరు హారన్ మీద చెయ్యి వేశాడు,
తీసేశాడు.
ఇంజను ఆపేసి, మోచెయ్యి కిటికీలో పెట్టుకుని
తనూ చూడసాగాడు.

"దీనికి టికెట్టెంత?" అంది పెద్దమ్మ గుమ్మంలోంచి,
పంటిలో చిక్కుకున్న పులిచింతాకు పీకుతూ.