రెండు తాళాలు

ఆదోని బాలసదనం స్టోరు గదికి
ఇప్పుడు రెండు తాళాలు.
పాత కమిటీది తుప్పు పట్టింది.
కొత్త కమిటీదానికి ధర చీటీ ఇంకా ఊగుతాంది.

వార్డెను ఎవరి మనిషో తేలేదాకా
బియ్యం కదలదంట.
గేటుకాడ జీపులు, ఇంజన్లు ఆపకుండా.

ఖాజాబీ ఎవర్నీ తిట్టలా.
శెట్టి అంగట్లో తన పేరున రాయించి
ఎనిమిది శేర్ల బొరుగులు తెచ్చింది.
ఉగ్గానిలో ఉప్పు చాల్లేదు.
ఉప్పు కూడా లోపలే ఉంది.

తినేటప్పుడొచ్చినారు ఇద్దరు,
చెరో అర్జీతో.
‘పాత సారు మంచోడా, కొత్త సారా?
ఈడ వేలిముద్ర ఏయండి పిల్లోల్లూ.’

ఇంకు డబ్బీ తెరవకముందే
హనుమక్క బొటనవేలు పెట్టేసింది,
రెండిటి మీదా.
కాగితాలు పచ్చగా నూనె పీల్చుకున్నాయి,
అక్షరాలు అవతలి పక్కకు కనపడేంతగా.

‘ఇంకొంచెం పెట్టు, ఖాజామ్మా’ అనింది.